పసుపు దారం

రుధిరోద్గారి నామ సంవత్సరం, పుష్యమాసం.
బొబ్బర్లంక లాకుల మీద మంచు
పిండని దుప్పటిలా వేలాడుతోంది.
మా నాన్న పోలయ్య లాకు కళాసీ.
నాకు తొమ్మిదేళ్లు.
నా చూపుడువేలికి నూలుదారం రెండు చుట్లు తిప్పి
"వదిలావో, వీపు చీరేస్తా" అన్నాడు ఓవర్సీరు.
రెండో కొస అవతల గుంజకి కట్టారు.

దారానికి పసుపు రాశారు.
ముందు ఎవడి రొమ్ము తగిలితే
వాడి మీద గీత పడుతుందట.
ఇంజనీరు దొర తెలివి అది.

గెలిచినవాడికి మద్రాసు.
మద్రాసులో గెలిస్తే ప్యారిస్.
"ప్యారిసంటే ధవళేశ్వరం అవతలా?" అంది మా అమ్మ,
నెత్తిన చేపల గంప దించకుండానే.

నూరు గజాలు, కాలువ గట్టు.
పడవలు లాగేవాళ్ల పాదాలు
తాతల నాటి నుంచి తొక్కి తొక్కి
అద్దం చేసిన మట్టి.

నా వైపు బొంతు ఏసుపాదం.
రాత్రంతా బియ్యం పడవ లాగి
తాడు అప్పుడే భుజం మీంచి దించి వచ్చాడు.
ఒంటి మీద గోచీ, చెమట, మంచు.
వెనక పడవ లేకపోతే నేల ఇంత తేలికా అని
అప్పుడే తెలిసినవాడిలా ఉరికేవాడు.

గుంజ వైపు దంతులూరి అచ్యుతరాజు.
కాకినాడ కాలేజీ, తెల్ల బనీను,
పార్సిల్లో వచ్చిన మేకుల బూట్లు.
అబద్ధమెందుకు, ఆయనా గొప్పోడే.
ఆ నడుం విల్లులా వంగితే
పగవాడికైనా ఈలేయాలనిపించేది.

తుపాకీ పేలింది.
కొంగలు లేచాయి.
వాళ్లు కనిపించలేదు, మంచు.
చప్పుడొచ్చింది. మేకులు ఒకటి, అరికాళ్లు ఒకటి.
తర్వాత నా వేలు తెగింది.

దారం మొదట నా దగ్గరే వంగింది.
కళ్లకి తెలియలేదు,
వేలికి తెలిసింది.

దొర బనీను చూశాడు.
తెలుపు మీద పసుపు, బొట్టు పెట్టినంత స్పష్టం.
ఏసుపాదం రొమ్ము చూశాడు.
నల్లటి ఒళ్లు, కారే చెమట.
గీత ఉంటే ఉండేది, కారిపోయింది.

"ఒరే, దారం పట్టింది నువ్వే కదా, ఎవరు?"

మా ఇల్లు రాజుగారి దిబ్బ మీద.
"ఆయ్, రాజుగారేనండి" అన్నాను.
ఎంత తియ్యటి మాటండీ మా వైపు ఆ "ఆయ్".
ఎందర్ని ముంచిందో లెక్కలేదు.

ఏసుపాదం నన్ను తిట్టలేదు.
తాడెత్తి భుజాన వేసుకున్నాడు.
పడవ ఇంకా లాకు దాటలేదు.

ఆ రాత్రి దీపం లేకుండా వచ్చాడు అచ్యుతరాజు.
"వేలు చూపించు" అన్నాడు.
చూపించాను.
"ఎటు లాగింది?"
నోటితో చెప్పలేదు. కాలువ వైపు చూపించాను.
చాలాసేపు నిలబడ్డాడు.
మా కుక్క మొరగడం మానేసి పడుకుంది.

మద్రాసు వెళ్లడం మానుకున్నాడంటే
కథ బాగుండేది.
వెళ్లాడు.
నాలుగోవాడుగా వచ్చాడు.
గెలిచినవాడు పెరంబూరు రైలు షెడ్డు కూలీ అట,
ఓడ ఛార్జీలు పోగవక
వాడూ ప్యారిస్ చూడలేదట.

ఫాల్గుణం.
లాకు నిండడానికి పడవ ఆగింది.
అచ్యుతరాజు గట్టు మీద బూట్లు విప్పాడు,
బనీను విప్పి మడిచి రాయి కింద పెట్టాడు.
"మళ్లీ" అన్నాడు.
ఏసుపాదం సరంగు వైపు చూశాడు.
"నూట ఇరవై బస్తాలున్నాయండి.
తలుపు తీసేలోగా అయితే సరే."

దొర లేడు, తుపాకీ లేదు, దారం లేదు.
మా నాన్న చక్రం తిప్పుతూ తిప్పుతూ
ఎందుకో నెమ్మదించాడు.

ఎండ బాగా కాసింది ఆ రోజు.
మొదటి అడుగు నుంచి చివరి దాకా
కళ్లార చూశాను.

నన్నెవరూ అడగలేదు.