లైన్‌మన్ ఇల్లు

"మీటరు మెల్లగా తిరగాల మేడమ్,
అంతే నాక్కావాల్సింది" అన్నాడు ఓబులేసు,
తాడిపత్రిలో ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి దిగినవాడు,
కాలిన మచ్చున్న అరచేయి
నా ప్లాను కాగితం మీద ఆనించి.

నేను గీసుకొచ్చింది గాజు ముఖం.
పట్నంలో నేర్చిన గీత.
చాలాసేపు చూసి
"మే నెలలో ఇందులో ఎవురుంటారు?" అన్నాడు.
రబ్బరు తీసుకున్నాను.

పడమటి గోడకు కిటికీ తీసేశాను.
రెండు వరసల ఇటుకల మధ్య బెత్తెడు ఖాళీ,
ఎండ లోపలికొచ్చే దారిలోనే అలిసిపోయేటట్టు.
నేలకు, పాలిష్ ఫ్యాక్టరీ వెనక కుప్పపోసిన బండ ముక్కలు:
అంచు విరిగినవి, పసుపు చార పడినవి,
ఎవరి హాలుకూ నచ్చని నలుపులు.
ట్రాక్టరు బాడుగకే వచ్చాయి.

కప్పు దగ్గర ఆగింది మాట.
బేల్దారి హుసేనప్ప బీడీ ఆర్పి
"చౌడు పోస్తే చల్లగుంటాది.
కాకుంటే యాడిదమ్మా చౌడు?
మా నాయన తవ్విన గుంతలో
ప్లాట్ల రాళ్లు పాతినారు" అన్నాడు.
మూడు ఆదివారాలు మోపెడ్ మీద తిరిగి
ఒక చౌటి మడి కనిపెట్టాడు.
చిటికెడు నాలుక మీద వేసుకుని, ఉమ్మి,
"ఇదే" అన్నాడు.
నా ల్యాప్‌టాప్‌లో ఆ రుచికి అంకె లేదు.

నేను స్కైలైట్ అని రాసిన చోట
అతను గవాచి అన్నాడు.
కొట్టేసి దిద్దాను.

తొలి వానకు వంటింటి మూల కారింది.
తప్పు నాదే, వాలు చాలలేదు.
సుంకులమ్మ ధార కింద చెంబు పెట్టి
నా వైపు చూడకుండా కాఫీ ఇచ్చింది.
మర్నాడు నేనూ మిద్దెక్కి
హుసేనప్ప పక్కన దిమ్మిస పట్టాను.
చేతులు బొబ్బలెక్కాయి. నెల తర్వాత
మళ్లీ వాన. చెంబు పొడిగానే ఉంది.

నిన్న మధ్యాహ్నం
సున్నపు గోడకు వీపానించి కూర్చున్నాం.
ఓబులేసు ఫోను మోగింది,
పెట్టేలోగా ఇంకొకటి, ఇంకొకటి.
యల్లనూరు రోడ్డులో ట్రాన్స్‌ఫార్మర్ పోయింది,
ఊరంతా విసనకర్రలు వెతుక్కుంటోంది.
అప్పుడు తలెత్తి చూశాం.
ఫ్యాను తిరగడం లేదు.
ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలీదు.
గవాచి లోంచి పడిన ఎండ బిళ్ల
సుంకులమ్మ చాటలోని కందిపప్పు దాటి
మెల్లగా గోడెక్కుతోంది.

ఓబులేసు ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు,
రబ్బరు గ్లవ్స్ చంకన పెట్టుకున్నాడు.
ఎండలోకి దిగి
మళ్లీ వెనక్కొచ్చి
తలుపు దగ్గరగా వేసి పోయాడు,
చల్లదనం బయటికి పోకుండా.