చదరపు యూనిట్లు

నీలం సుద్దముక్కతో ఒక వక్రం,
ఎర్ర సుద్దముక్కతో దాని కింద ఇంకొకటి.
నడుమ జాగాను సన్నటి నిలువు గీతలతో నింపి
ఇంటర్ రెండో సంవత్సరానికి చెప్తున్నాను:
పైదాంట్లోంచి కిందది తీసేయండి.
ముందు రెండూ ఎక్కడ కలుస్తాయో తేల్చుకోండి.
హద్దులు తెలియకుండా లెక్కలోకి దిగొద్దు.

మూడో బెంచీలో సుగుణ చెయ్యెత్తింది.
"సార్, గీ బొమ్మ మా పీర్లకుంట లెక్కుంది."

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం.
పోయిన నెల సర్వేవాళ్లు వచ్చి
జీపు బానెట్ మీద పాత నక్షా పరిచారట:
నీళ్లు ఒకప్పుడు నిలిచిన గీత ఇది,
ఇప్పుడు నిలుస్తున్న గీత ఇది.
తూము కాడ కలుస్తాయి,
మళ్లీ అలుగు కాడనే కలుస్తాయి.
"మీరు గీతలు కొట్టిండ్రు చూడు సార్,
మా ఇల్లు ఆడుంది."

ఇరవై ఏళ్లుగా ఇదే పాఠం నాది.
జాగాను పట్టీలుగా కోయండి,
పట్టీ వెడల్పును సున్నా వైపు నడిపించండి.
వెంచర్ పర్వతాలుకు ఇది ఎవరు చెప్పారో.
మొదట రెండొందల గజాలు,
తర్వాత నూట ఇరవై, అరవై,
కడకు నలభై గజాలకు ఒక నోటరీ కాగితం.
సున్నా దాకా పోలేదు గానీ
దారి అదే.

ఆ నలభైలో
సెంట్రింగ్ పనికి పోయే సుగుణ వాళ్ల నాయిన
రెండు గదులు నిలబెట్టాడు, మీటరు పెట్టించాడు.
నీలం సున్నం వేసిన గోడ మీద ఇప్పుడు
సర్వేవాళ్ల ఎర్ర అంకె.

పెద్దవాన రాత్రి నీళ్లు కూడా లెక్క చేస్తాయట.
పాత గీత నోటికొచ్చినట్టు
మోరీలోంచి లేచి, గడప దాటి,
మంచం కోళ్ల కాడ ఆగుతాయట.
"నీళ్ల తప్పు లేదంటది మా అమ్మ.
అవి వాటింటికే వచ్చినయంటది."

వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు:
హద్దులు వేశాక ఆ స్థిరాంకం, ఆ 'సి', ఏమైతది సార్?
కొట్టిపోతుందన్నాను.
పైన ఒకసారి, కింద ఒకసారి వచ్చి
తనను తనే కొట్టేసుకుంటుంది,
జవాబులో కనపడదు.
చెప్పేసి బోర్డు వైపే తిరిగి నిలబడ్డాను,
తుడవాల్సింది ఏమీ లేకపోయినా.

యూనిట్ టెస్టు పేపర్లు బస్సులో దిద్దుతున్నాను,
మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని.
ఏడో ప్రశ్న, రెండు పరావలయాల నడుమ వైశాల్యం.
సుగుణ ఏ మెట్టూ దాటేయలేదు.
పదహారు బై మూడు. సరైనదే.
పక్కన మాత్రం
చదరపు యూనిట్లు అని రాయలేదు,
చదరపు గజాలు అని రాసింది.

అర మార్కు తీసేయాలి. రూలు.
టోలిచౌకి దగ్గర బస్సు
చక్రాల సగం దాకా నీళ్లలో ఆగిపోయింది.
కండక్టరు ఎవరినీ దిగనివ్వడం లేదు.

ఎర్రపెన్ను జేబులో పెట్టేసి
ఆ ఒక్క పేపరూ
నీలంతో దిద్దాను.