డిప్పర్

ఫిఫ్త్ రింగ్ రోడ్డు మీద నాకు మొఖాలు తెల్వయి,
లైట్లే తెలుసు.
ఎనుక నుంచి బంపరు నాకినట్టొచ్చి
కండ్లల్ల కారం కొట్టినట్టు డిప్పర్ కొడ్తడొకడు.
నూట ఇరవైల పోతున్న, ఇంకెటు పోవాలె?
ఇండికేటర్ ఏస్తే జీతంల కోస్తరన్నట్టు
మూడు లైన్లు ఒక్కపారే కోసుకుంట పోతడింకొకడు.
సల్మియా సిగ్నల్ కాడ
పచ్చ పడకముందే హారన్.

అద్దాలు మూసి మెట్‌పల్లి తిట్లు తిడ్త.
డాష్‌బోర్డు మీది టిష్యూ డబ్బాకు
మా ఊరి భాష మొత్తం వచ్చింది.

ఇయ్యాల మేడం బిడ్డకు పండ్ల డాక్టరు.
ఆలస్యమయింది.
"యాల్లా లింగం, లైట్ కొట్టు" అన్నది ఎనుక సీట్లకెల్లి.
ముందట ఒక పాత సన్నీ,
డిక్కీ మీద సగం చినిగిన స్టిక్కర్,
కొండగట్టు అంజన్న.

కొట్టిన.
ఇంకోపారి కొట్టిన.
పక్కకు జరిగిండు.

దాటేటప్పుడు చూడొద్దనుకున్న, చూసిన.
అద్దాలు మూసే ఉన్నయి.
పెదవులు కదుల్తున్నయి.
ఏసీ మోతల, మేడం ఫోన్ల నడుమ
నాకు
ఒక్క అక్షరం పొల్లు పోకుండ ఇనవడ్డది.