ఆరో అర

"అది వరదలో పాయెనమ్మా," అంటాడు గుమాస్తా
తలెత్తకుండా,
టీ గ్లాసు కింద పాత ఫారమొకటి పరిచి.

నాలుగోసారి నేను రావడం.
మొదటిసారి సారు లీవు.
రెండోసారి తాళంచెవి తీసుకొని ఎవరో నంద్యాల పోయినారు.
మూడోసారి, "ఏం చేసుకుంటావ్ ఇప్పుడవన్నీ?"
ఆ ప్రశ్నకు గడి లేదు వాళ్ళ దరఖాస్తులో.
అయినా జవాబు రాసుకొని వచ్చినా:
పేరు ఉరుకుందమ్మ. వయసు ముప్పై ఏడు.
ఆర్టీసీ కండక్టరు.
ఎక్కిన స్టేజీ కొట్టందే
నా మిషను ఎవరికీ టిక్కెట్టు ఇయ్యదు సార్.
కోడుమూరులో నిద్రపోతా ఉండే అవ్వను కూడా లేపి
"యాడెక్కితివి?" అని అడిగే తీరతా.
నన్ను మాత్రం
దిగే చోటు చూసుకోమంటారు.

వరద సంగతి నాకు చెప్పొద్దు.
ఆ అక్టోబరు నేనూ ఈ కర్నూల్లోనే ఉన్నా.
హంద్రీ ఒక పక్క, తుంగభద్ర ఒక పక్క,
పిలవని చుట్టాల మాదిరి రెండూ ఒకేసారి
మా సందులోకి వచ్చినాయి.
మా అమ్మ సుంకులమ్మకు అక్షరమ్ముక్క రాదు.
బియ్యం మూట వదిలేసింది, కుట్టుమిషను వదిలేసింది,
ఎరువుల సంచి ఒకటి నెత్తిన పెట్టుకొని
పక్కింటి ఖాజాబీ వాళ్ళ మిద్దెక్కింది.

మూడో రోజు ఎండ కాసింది.
సంచిలో కాగితాలన్నీ మిద్దె మీద పరిచి
ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టమంది నన్ను.
రేషన్ కార్డు. ఇంటి పన్ను రసీదు. నా పదో తరగతి మార్కులు.
నాలుగో రాయి పెట్టబోతే
"శిశు గృహము నుండి స్వీకరించిన ఆడ శిశువు,"
ఊదారంగు ముద్ర,
ఊరంతా బురద వాసన.
నేను చదవడం అమ్మ చూసింది.
ఏడవలేదు.
"రాయి సరిగ్గా పెట్టు, గాలికి పోతాది," అనింది.

నాకు చెప్పింది వరదే సార్.
దాచిందీ వరదేనంటే ఎట్లా?

ఇంతలో కరెంటు పోయి
గాలి కోసమని రికార్డు గది తలుపు తీసినాడు.
చూసినా.
గోడ మీద నీళ్ళు నిలిచిన గీత,
పదహారేండ్లకూ సున్నం కిందినుంచి పసుప్పచ్చగా,
నాలుగో అర దాకా వచ్చి ఆగింది.
ఎనభై ఎనిమిది ఆరో అరలో ఉంది,
ఎర్ర గుడ్డ మూటలో, పొడిపొడిగా,
దుమ్ము తప్ప ఇంకేం తగలకుండా.

"అంత ఎత్తు ఎక్కలేదే సార్ నీళ్ళు," అన్నా.
గోడను చూసినాడు. నన్ను చూసినాడు,
ఇన్నిసార్లలో మొదటిసారి.
"రూలు ఒప్పుకోదమ్మా. ఆ తల్లికి ఇష్టముండల్ల గదా."

ఉండల్ల. కాదనను.
ఆమె ఇప్పుడు ఎవరింట్లో పప్పు ఎనుపుతా ఉందో,
ఆ తలుపు నేను కొట్టను.
నాకు అమ్మ ఉంది. ఆమెకు షుగరు,
పొద్దున సూది నేనే వేసి డ్యూటీకి పోతా.
తల్లి పేరున్న గడి మీద మీ అరచెయ్యి పెట్టుకోండి సార్.
పెట్టుకొని, మిగిలిన వరుస చదవండి.
ఎన్ని గంటలకు. పగలా, రాత్రా.
తూకమెంత.
పుట్టంగానే ఏడిస్తినా,
కాళ్ళు పట్టి ఎవరన్నా కొట్టాల్సొచ్చిందా.
ఏ ఊరినుంచి వచ్చిందో రాసుంటే అది కూడా వద్దులే,
బస్సులో వచ్చిందా, అది చాలు.
ఇవి ఆమె రహస్యాలు కావు.
నావి.

ఆయన అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకున్నాడు.
ఇన్‌వర్డ్ పుస్తకం తీసి
నా అర్జీకి నెంబరేసినాడు, రెండొందల పదకొండు.
"స్టూలు లేదు ఇప్పుడు. సోమవారం రా."

సోమవారం నాకు ఆదోని డ్యూటీ.
ఎవరితోనన్నా మార్చుకోవాలి.