అంచు చూడబ్బయ్యా

రాత్రంతా నేను చుక్కలకు మెరుగు పెడతాను.
చీమకుర్తి నల్లరాయిలో
బంగారు నలకల్లా ఇరుక్కుపోయినవాటికి.
పాలిషింగ్ మిషన్ కింద నీళ్లు పాలలా తెల్లబడి పారుతుంటే
పలక మీద పలక,
తెల్లారేసరికి లారీకి సరిపడా ఆకాశం.
తలెత్తితే మాత్రం
ఫ్లడ్‌లైట్లు, దుమ్ము.

అందుకని పగటి దుర్భిణి కొన్నాను.
"నైట్ డ్యూటీవాడికి మిగిలిన నక్షత్రం అదొక్కటేగా" అన్నాను.
ఫైజున్నీసా నవ్వలేదు.
పదకొండు కంతులు వేళ్లమీద లెక్కేసింది.

జానకు ఎక్కువ, మూరకు తక్కువ గొట్టం.
సూర్యుణ్ణి పట్టడం
సూర్యుడి వైపు చూడకుండానే నేర్చుకోవాలి.
డాబా మీద దాని నీడను చూసుకుంటూ తిప్పాలి.
బారుగా పడుకున్న నీడ
ముడుచుకుని, ముడుచుకుని,
గొట్టం మూతంత గుండ్రమైనప్పుడు
ఆయన లోపలికి వచ్చినట్టు.

మొదటి రోజు ఒక ఎర్ర బిళ్ల. అంతే.
ఒంగోలు స్టేషన్లో సిగ్నల్ దీపం లాగా.
దీనికా అని ఆమె అడగలేదు,
టీ గ్లాసు కాస్త గట్టిగా పెట్టింది.

గొట్టం మెడకు ఒక కట్టు ఉంది, తిప్పేది.
వెంట్రుకవాసి ఇటు. వెంట్రుకవాసి అటు.
రాయిని మైక్రాన్ల లెక్కన అరగదీసే ఈ చేతులకు
అంత చిన్న పని చేతకాలేదు.
మా హెల్పర్ యలమంద
మామూలు దుర్భిణికి ఎక్స్‌రే కాగితం చుట్టి చూస్తానంటే
చెవి మెలేశాను:
"కన్ను పోతే రాయి మొయ్యడానికి కూడా పనికిరావురా!"

నాలుగో రోజు మాల్యాద్రి మెట్లెక్కి వచ్చాడు.
ట్రాక్టర్ ట్రాలీలకు వెల్డింగ్ చేస్తాడు,
ముప్పై ఏళ్లుగా నల్లద్దం చాటునుంచే
వెలుగుతో వ్యవహారం.
ఫైజున్నీసా పాత నల్ల చున్నీ తలమీదుగా కప్పుకుని
గొట్టానికి కన్నానించి
ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయాడు.
అతని టీ మీద మీగడ కట్టింది.

"నడిమధ్య ఏముంటది రసూలూ,
అంచు చూడబ్బయ్యా.
అతుకు పడిందీ లేందీ అంచులోనే గదా తెలిసేది.
ఎడంపక్క, కిందుగా, రవ్వ లేచింది.
లేచి, రాల్లా."

రాలని రవ్వ ఉంటుందా?
చున్నీ కిందికి దూరాను. చెమట. ఉప్పు. ఎరుపు.
ఊపిరి బిగబట్టాను, వదిలాను, మళ్లీ బిగబట్టాను.
సూర్యుణ్ణి చూడాలన్నా
కన్ను ముందు చీకటికి అలవాటుపడాలట,
ఎవరు చెప్పారు నాకిది?
అప్పుడు, సూటిగా చూడ్డం మానేశాక,
అంచున ఒక గడ్డిపోచ.
వంగి, గాలి లేనిచోట గాలికి వంగినట్టు.
దాని వంపు కిందనుంచి
మన భూమిలాంటివి నాలుగు
మన లారీల్లా వరసగా వెళ్లిపోవచ్చు.

బ్లాకు నెంబర్లు రాసే పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను:
ఏడూ ఇరవై. ఎడమ, కింద. ఒకటి.
ఎనిమిదింటికి లేదు.

తొమ్మిది దాటితే ఏదీ ఉండదు.
యార్డుల్లో పలకలు కాగి సెగలు లేస్తాయి,
బిళ్లంతా పెనం మీది నీటిబొట్టులా గిజగిజలాడుతుంది.
రాత్రి నేను మెరుగుపెట్టిన ఆకాశమే
పొద్దున నా ఆకాశాన్ని కుదురుగా ఉండనివ్వదు.

"నీళ్లకాడికి పోరాదా" అన్నాడు మాల్యాద్రి.
పవర్ హాలిడే నాడు
మల్లవరం, గుండ్లకమ్మ కట్ట మీదికి వెళ్లాం.
వెనక సీట్లో ఫైజున్నీసా, ఒళ్లో దుర్భిణి,
పిండివంటల డబ్బాని పట్టుకున్నట్టు.
నీటిమీద చల్లగాలి. బిళ్ల నిలబడింది,
రాతి పలక మీద నీళ్లు ఆరినంత నున్నగా.

ఆమె కన్ను పెట్టింది.
చాలాసేపు పెదాలు కదిలాయి.
దువా అనుకున్నాను.

"మూడు" అంది.

నాకు రెండే కనిపించాయి.
మళ్లీ చూశాను. రెండే.
"లెక్క తప్పావు" అన్నాను.

"లెక్కల సంగతి నాకు చెప్పొద్దు" అని
నా తలమీద చున్నీ సరిచేసి,
అంచులన్నీ దోపి,
వెలుగు దూరే సందు లేకుండా చేతులడ్డం పెట్టి
నిలబడింది.