రెండున్నర నిమిషాల లోతు

తిబిలిసి మెట్రో ఎంత లోతని ఎవరైనా అడిగితే
మీటర్లలో చెప్పడం నాకు చేతకాదు.
మా స్టేషను రెండున్నర నిమిషాల లోతు.
కింద మెట్టెక్కిన మనిషి
సిగరెట్టు తీసి, పెదాల మధ్య పెట్టుకుని,
అగ్గిపెట్టె కోసం జేబులన్నీ తడుముకునేంత లోతు.

ఎస్కలేటర్ అడుగున గాజు గది.
అందులో ఒక కుర్చీ, ఒక మైకు,
ఒక ఎర్ర బొత్తాం, నేను.
పదకొండేళ్ళుగా నా పని చూడటం.
మెట్ల మీద కూర్చున్న కుర్రాళ్ళని
లేవండి లేవండని మైకులో గదమాయించడం.

బొత్తాం రెండేసార్లు నొక్కాను.
ఒకసారి, పిల్లాడి మఫ్లర్ ఇనప పళ్ళలో ఇరుక్కుంటే.
ఇంకోసారి ఎందుకో తెలీదు.
నవంబరు, మంగళవారం, అందరూ పైకి పోతున్నారు,
వేలు దానంతటదే వెళ్ళింది.
మెట్లాగాయి.
వంద మెడలు ఒక్కసారి నా వైపు తిరిగాయి.
నాకూ ఒక ముఖం ఉందని
ఆరోజే తెలిసింది వాళ్ళకి.
'ఏదో కాలిన వాసన వచ్చింది' అని రిపోర్టు రాశాను.
అది పూర్తిగా అబద్ధం కాదేమో.

మా వీధి మలుపులో ఓటియా రొట్టెల కొట్టు.
పెద్ద కాగంత మట్టి పొయ్యి, అడుగున నిప్పులు.
నడుం దాకా అందులోకి వంగి
పడవలా సాగదీసిన పిండిని
లోపలి గోడకి ఛట్టున చరుస్తాడు.
ప్రతిసారీ కాళ్ళు నేల విడుస్తాయి.
ప్రతిసారీ నా చెయ్యి బొత్తాం కోసం వెతుక్కుంటుంది.
ప్రతిసారీ లేస్తాడు,
కనుబొమల్లేని ముఖంతో.

"భుజం పోయింది, ఇజోల్డా," అన్నాడు ఆదివారం.
"పని నేర్చుకుంటావా, కొట్టు నీది.
లేదంటే ఫోన్లు రిపేరు చేసేవాడు అడుగుతున్నాడు.
శుక్రవారం లోపు చెప్పు."

అక్క ఎతేరి నవ్వింది.
"యాభై మూడేళ్ళకి నిప్పుల్లో తల పెడతావా?
ఏడేళ్ళు కళ్ళు మూసుకో, పింఛనొస్తుంది."
కళ్ళు మూసుకోవడమా!
తెరుచుకుని కూర్చోడానికే కదా
నాకు జీతమిస్తున్నది.

అయినా అక్క మాట తీసెయ్యలేను.
కడుపులో చల్ల కదలని కొలువు.
వాన పడదు, మంచు పడదు,
ఒకటో తారీఖు ఎప్పుడూ తప్పదు.
కానీ కదలని చల్లలో
వెన్న ఎక్కణ్ణించి తేలుతుంది?

ముందు నుయ్యి, వెనక గొయ్యి.
రాత్రంతా రెండింటి లోతూ కొలుచుకున్నాను.
ఒకదాంట్లోకి ఊరంతా దిగుతుంది, ఊరంతా ఎక్కిపోతుంది,
నేను మిగిలిపోతాను.
రెండోదాంట్లో నేనొక్కదాన్నే దిగాలి.
కాకపోతే ఓటియా ఏనాడూ
ఖాళీ చేతులతో పైకి రాలేదు.

నిన్న తెల్లవారుజామున నాలుగింటికి
వెళ్ళాను, ఎవరికీ చెప్పకుండా.
మొదటి ముద్ద గోడకి అంటలేదు,
నిప్పుల్లో పడి నల్లగా ముడుచుకుంది.
ఖాళీ చేతులతో పైకొచ్చాను.
రెండోదీ అంతే.
మూడోది అంటింది, దాంతోపాటు నా మోచెయ్యీ.
వంకర రొట్టె, ఒక పక్క బొగ్గు, ఒక పక్క పచ్చి.
ఓటియా మాడిన వైపు తుంచి నమిలాడు.
"ఉప్పు సరిపోయింది," అన్నాడు చాలాసేపటికి.
పిండి కలిపింది తనే.

ఈరోజు శుక్రవారం.
యూనిఫాం చేతి కింద బొబ్బ సలుపుతోంది.
గాజు గది దాటిపోతూ ఒకమ్మాయి
ముక్కు ఎగబీల్చి వెనక్కి చూసింది.
కాలిన వాసన.
ఈసారి నా మీది నుంచే.

ఆరింటికి కుర్చీ నానులికి అప్పగించి
మెట్టెక్కాను.
ఎక్కి, కూర్చున్నాను.
పదకొండేళ్ళలో ఒక్కణ్ణీ కూర్చోనివ్వని మెట్టు మీద,
ఒళ్ళో సగం తిన్న వంకర రొట్టెతో.
ఇంత హాయిగా ఉంటుందా ఇది!
పాపం కుర్రాళ్ళు.

కింద మైకు గరగరలాడింది:
"మెట్ల మీద కూర్చోరాదు! ఆ పెద్దావిడా, మీకే!"
గొంతులో నవ్వో కోపమో తెలియలేదు.
నేను లేవలేదు.
ఓటియాకి చెప్పాల్సిన మాట
నోట్లో తిప్పుకుంటున్నాను.
ఇంకా ఒక నిమిషం ఉంది పైకి.