చుట్టంచూపు

అరండల్‌పేట పన్నెండో లైనులో
జిరాక్సు కొట్టు పక్కన, మెట్ల కింద గది మాది.
మార్చి నెల. యార్డు వైపు నుంచి గాలి ఇటు తిరిగితే
తుమ్ముకుంటూనే స్క్రూలు విప్పుతాం.

యలమందయ్య సీపీయూని తువ్వాలులో మూటగట్టి
స్కూటరు ముందు నిలబెట్టుకొచ్చాడు.
"నిన్న పొద్దుగూకే దాకా బాగానే ఉందమ్మా.
పొద్దున చూస్తే నల్లటి తెర, తెల్లటి గీత.
అంతే. ఆ గీత కొట్టుకుంటా ఉంది."

మూత తీశాను.
ఫ్యాను రెక్కల మీద వేలిమందాన ఎర్రటి దుమ్ము.
పదకొండు సీజన్ల తేజ పీల్చిన పెట్టె.
డిస్కుని చెవికి ఆనిస్తే
టిక్కు, టిక్కు, కాసేపు ఆగి, టిక్కు.
"రైతుకొక ఫైలు. మూడొందల మంది.
వచ్చుద్దా?"

నా తాళాలగుత్తికి మూడు పెన్‌డ్రైవులు.
నీలందానికి సోకులెక్కువ.
అది కిటికీ తెరవడమే ఒక తిరనాళ్ల.
ఒక్క జీబీ ర్యామున్న ఈ ముసలిదాని మీదికెక్కిస్తే
గుమ్మంలోనే కూలబడుద్ది.
నల్లది వైద్యం తెలిసింది. బొమ్మల్లేవు, మాటలే.
చావబోయే డిస్కు నుంచి గింజ గింజా ఏరుకొస్తుంది గానీ
పక్కన కూర్చున్న మనిషికి
ఆ అక్షరాల వాన చూస్తే గుండె జారుద్ది.
మూడోది, మూత పోయి దారం కట్టింది,
కొట్టు నాకప్పగించిన రోజు మస్తాన్ వలి గారిచ్చింది.
బుల్లిది. మొత్తంగా ర్యాములోకెక్కి కూర్చుంటుంది.
తర్వాత పుల్ల పీకేసినా పలుకుతుంది.
"ఏది గొప్పదని అడగమాక," అనేవాడాయన,
"ఈ పెట్టెకి ఏది ఆనుద్దో అడుగు."

యలమందయ్యని టీకి పంపి
నల్లదాన్ని పెట్టాను.
చదువుతాను, రాయను
అని డిస్కుకి ఒట్టేసి లోపలికెళ్లాను.
జబ్బుమనిషి ఉన్న ఇంట్లో చుట్టం తిరిగినట్టు:
బీరువా తియ్యాలి, మడత చెదరకూడదు,
దీపం కూడా మన ఇంటినుంచి తెచ్చుకున్నదే.

మూడింటికి కరెంటు పోయింది.
ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టుకునే అలవాటు దానికుంది,
వచ్చాక అక్కణ్నుంచే ఎత్తుకుంది.
రాత్రి తొమ్మిదికి
రెండొందల ఎనభై మంది రైతులు
నా డిస్కులోకి క్షేమంగా దిగారు.
ఇరవై మంది ముక్కలు ముక్కలు.
"ఆ ఇరవై నోటికొచ్చులే," అని
అప్పటికే మొదలుపెట్టేశాడు:
ఫిరంగిపురం చినకోటయ్య, నలభై రెండు టిక్కీలు,
మధ్యలో ఇచ్చింది ఆరు వేలు, కూతురి కాన్పుకి…
కాన్పు సంగతి కూడా టైపు చేశాను.

కొత్త డిస్కుకి షావుకారు
సీజను అయ్యాక చూద్దామన్నాడట.
దారం కట్టిన పుల్ల యలమందయ్య చేతిలో పెట్టాను.
"ఆపితే మొత్తం మర్చిపోద్ది బాబాయ్.
వైఫై మాట, తెలుగు కీబోర్డు, పొద్దున్నే మళ్లీ చెప్పాలి.
తేదీ కూడా. పెట్టెలో బ్యాటరీ చచ్చింది.
లెక్కలు మాత్రం వేరే డ్రైవులో దాచు.
కావాలంటే ఇందులోనే
గుర్తుపెట్టుకునే జాగా కాస్త ఇస్తాను."

పుల్లని అరచేతిలో తిప్పి చూశాడు.
"వద్దులేమ్మా.
ముప్పయ్యేళ్లుగా ఊళ్ల బాకీలన్నీ మోస్తన్నా.
ఎవరి బాకీ తెలియని మొహంతో పొద్దున్నే లేచేది
ఆ కొట్లో ఒక్కటన్నా ఉండనీ."

మే నెలలో యార్డుకి సెలవులిచ్చాక వచ్చాడు.
పాత దారం తెగిందేమో,
టిక్కీలు కుట్టే పురికొస కట్టాడు.
రెండు నెలలు రోజూ
తేదీ చెప్పి నిద్రలేపానన్నాడు,
అదేదో మనవరాలి సంగతి చెప్పినట్టు.

ఆయన వెళ్లాక పెట్టి చూశాను.
అదే లేత బూడిదరంగు తెర,
మస్తాన్ వలి గారిచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లా.
పేరు లేదు, ఫైలు లేదు,
నువ్వెవరన్న ప్రశ్న కూడా లేదు.
పీకి తాళాలగుత్తికి తగిలించబోతూ
గట్టిగా తుమ్మాను.